రిక్సీ మార్కస్ : బ్రిడ్జి ఆటలో ప్రపంచవిజేత యైన యువతి

పేకముక్కల మాట యెత్తగనే మన యిండ్లలో పెద్దలు మొగము చిట్లింతురు. అందు తప్పేమియు లేదు. ధర్మరాజు జూదమువలన ద్రౌపదీదేవి నిండుసభలో పడిన పాట్లును, నలుడు రాజ్యమోడి దమయంతిని నడియడవిలో విడిచిపోవుటయు చదివినవారికి పందెమన్న నిల్లు గుల్లయగునను భయము కలుగుట సహజమే. అయినను బ్రిడ్జి యను నాటను ఆ వరుసలో చేర్చుటకు మాకు మనసొప్పదు. ఎందులకో ముందు చెప్పి, 27వ యేట ఆ యాటలో ప్రపంచవిజేత యైన యొక వనిత వృత్తాంతమును సోదరీమణులకు విన్నవించెదము.

ఈ యాటకు నలుగురు కావలెను. ఎదురెదురుగా కూర్చున్నవా రొక జంట. 52 ముక్కలను తలకు 13 చొప్పున పంచుదురు. మొదట పాట సాగును. తురుపు ఇస్పేటా, ఆటీనా, డైమనా, కళావరా, లేక తురుపే లేదా, ఎన్ని పట్లు మేము పట్టగలము అని వేలములోవలె నొకరిపై నొకరు హెచ్చించి చెప్పుదురు. పాట దక్కిన జంటలో నొకరే యాడుదురు. రెండవవారు తమ ముక్కలను బల్లపై తెఱచి పఱచి, ఆట ముగియువఱకు పెదవి కదపక కూర్చుండవలెను. వారిని డమ్మీ యందురు. తనవారు తన యెదుట తప్పుచేయుచుండగా నోరు మెదపకుండుట మనలో పెక్కండ్రకు క్రొత్త కాదుగదా!

పెద్ద పోటీలలో అదృష్టమునకు కళ్లెము వేయుట కొక యుపాయము కలదు. ఒక బల్లయొద్ద పంచిన ముక్కలనే చెదరనీయక రెండవ బల్లయొద్దకు చేర్చి, అవతలి పక్షమువారిచేత నాడింతురు. ఒకే చేతిముక్కలు ఇరుపక్షములకును వచ్చును గావున నెవరు బాగుగ నాలోచించిరో తేలిపోవును. శకుని పాచికల కిచట చోటు తక్కువ. 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో బ్రిడ్జికి మొదటిసారి చోటిచ్చిరి. అందు పురుషుల జంటపోటీలో స్వర్ణపతకము మన భారతీయులైన ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ గార్లకు దక్కెను. వారిలో బర్ధన్‌గారి వయస్సు 60 ఏండ్లు! బుద్ధి నమ్ముకొన్న యాటకు వయస్సు అడ్డురాదు.

ఇక కథలోనికి వత్తము. రిక్సీ 1910లో బుకోవినా సీమయందు గూరా హుమోరా యను చిన్న పట్టణమున సంపన్నమైన యూదుకుటుంబమున జన్మించెను. నాడది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములోనిది. నేడు రుమేనియాలో చేరియున్నది. వెలుపలి గోడలనిండ 16వ శతాబ్దపు చిత్రములుగల వొరోనెత్ మఠ మా యూరి చెంతనే కలదు. మొదటి మహాయుద్ధములో రష్యా సేనలు పైబడగా నా కుటుంబము ఇల్లు వాకిలి విడిచి వియన్నా నగరమునకు తరలిపోయెను. గౌరీపూజకు పూలు కోసికొనవలసిన వయస్సున నీ బాలిక మూట చేతబట్టుకొని పరుగెత్తుట యెట్టిదో నేర్చెను. యుద్ధానంతరమున సామ్రాజ్యమే లేకుండపోయెను. మహానగరమైన వియన్నా చిన్న దేశమునకు ముఖ్యపట్టణమై మిగిలెను.

ఆ నగరమునకు కాఫీశాలలు ప్రాణము. అచ్చట పత్రికలు చదువుట, వాదించుట, చదరంగము, పేక నిత్యకృత్యములు. స్త్రీలు పదిమందిలో కూర్చుండి యాడుట అచ్చట వింత కాదు. 1930 తరువాతి యేండ్లలో ఆస్ట్రియా బ్రిడ్జికి పుట్టినిల్లా యనునంత ఖ్యాతి గాంచెను. పాల్ స్టెర్న్ అను నాయన పాటకు వియన్నా పద్ధతి యను క్రొత్త విధానము నేర్పఱచి జట్టులను తీర్చిదిద్దెను. రిక్సీ చిన్నవయస్సుననే సాలొమన్ మార్కస్ అను నాతని పెండ్లాడి ఒక కూతురికి తల్లియైనది. ఆ సంసారము చక్కగా సాగలేదు. 1947లో వారు విడాకులు పొందిరి. ఆటయే యామెకు ఊరటయయ్యెనో, ఆటవలననే యెడము పెరిగెనో తీర్పుచెప్పుటకు మనమెవరము?

1937 జూన్ మాసమున బుడాపెస్ట్ నగరమున ప్రపంచపోటీలు జరిగెను. స్త్రీలకు ప్రత్యేకముగ ప్రపంచపోటీ పెట్టుట అదియే మొదలు. రిక్సీ యున్న ఆస్ట్రియా స్త్రీల జట్టు గెలిచెను. అదే యూర ఆస్ట్రియా పురుషుల జట్టు, అమెరికాలో బ్రిడ్జికి చక్రవర్తివలె వెలుగుచుండిన ఈలీ కల్బర్ట్‌సన్ జట్టును ఓడించెను. చిన్నదేశమునకు ఒకేమాఱు రెండు కిరీటములు!

ఆ వైభవము నిండ నేడాదియైన నిలువలేదు. తొమ్మిది మాసములకే, 1938 మార్చిలో, హిట్లరు సేనలు వియన్నాలో ప్రవేశించెను. దేశమునకు కీర్తి తెచ్చినవారని యూదుల కొక మినహాయింపు లేదు. నిన్నటివఱకు నమస్కరించినవారే వీధిలో మొగము త్రిప్పుకొన్న దినము లవి. పాల్ స్టెర్న్ లండనుకు పాఱిపోయెను. రిక్సీయు లండను చేరెను. బాల్యమున నొకతూరి, యౌవనమున నింకొకతూరి, ఉన్నయూరు విడువవలసివచ్చెను. పరదేశమున, పరభాషలో, ఒక స్త్రీ తన కాళ్లపై తాను నిలువవలసివచ్చినప్పుడు చేతనున్న విద్య యేదైన నదియే దిక్కు. ఆమె చేతనున్నది బ్రిడ్జి. లండను క్లబ్బులలో పందెము పెట్టియు ఆడెను. పందెమును మేము మెచ్చుకొనము. కాని యాకలిగొన్నవారిని ధర్మశాస్త్రము నడుగ బోవుటయు మాకు రుచింపదు.

అచ్చట నామెకు ఫ్రిట్సీ గోర్డన్ తోడు దొరకెను. ఆమెయు ఆస్ట్రియానుండి వచ్చినదే. ఈ యిద్దఱి జోడు చిత్రమైనది. బల్లయొద్ద నొకరి నొకరు బిగ్గరగా దెప్పుకొనుటలో వీరికి పెద్దపేరు. ఒకే వంటయింట రెండు గరిటెలు తిప్పు తోడికోడండ్రను చూచినవారికి దీని స్వారస్యము తెలియును. అరుపులెట్లున్నను ముక్కలుమాత్ర మొక్కమాటపై నడచెను. 1962లో కాన్ నగరమునందును, 1974లో లాస్ పాల్మాస్ నందును స్త్రీల జంటలలో వీరే ప్రపంచవిజేతలు. 1964లో న్యూయార్కున జరిగిన ఒలింపియాడులో స్త్రీల బహుమానము వీరున్న బ్రిటిషు జట్టునకు వచ్చెను. 1974లో ప్రపంచ గ్రాండ్‌మాస్టరు బిరుదు పొందిన స్త్రీలలో రిక్సీయే ప్రథమురాలు. మఱుసటియేట బ్రిటిషు ప్రభుత్వము ఎం.బి.ఇ. బిరుదు నిచ్చి గౌరవించెను.

ఆట తరువాత నామెకు ప్రియమైన వ్యాపకము రచన. 1955 మొదలు గార్డియన్ పత్రికలో బ్రిడ్జిని గూర్చి వ్రాయుచు వచ్చెను. తనకు పుట్టుభాష కాని యాంగ్లములో పలు గ్రంథములు ప్రకటించెను. 1966 నాటి గ్రంథము పేరునకు, పాట ధైర్యముగ పాడుము, ఆట జాగ్రత్తగ నాడుము అని యర్థము. సంతలో బేరమాడి యింటికి వచ్చి లెక్క వ్రాసికొను గృహిణికి వేఱు వ్యాఖ్యానము వలదు. 1975లో బ్రిటిషు పార్లమెంటు నందలి ప్రభువుల సభవారికిని సామాన్యుల సభవారికిని బ్రిడ్జి పోటీ పెట్టించినదియు నామెయే.

1988లో తన స్మృతులను ఎ వల్నరబుల్ గేమ్ అను పేర ప్రకటించెను. వల్నరబుల్ అనునది బ్రిడ్జిలో నొక పారిభాషికపదము. అప్పటికే ఒక ఆట గెలిచియున్న పక్షము నట్లందురు. అట్టివారు మరల గెలిచినచో లాభ మెక్కువ, చెప్పిన పట్లు పట్టలేకపోయిన దండుగయు నెక్కువ. లోకవ్యవహారములో నా మాటకు దెబ్బకు లోబడునది యని యర్థము. బుడాపెస్టున గెలిచి తొమ్మిది నెలలకు దేశము విడిచిన స్త్రీ ఆ మాట నేరుకొన్నది. నాలుగేండ్లకు, 1992 ఏప్రిల్‌లో, ఆమె కాలధర్మము చెందెను.