సీవా ఒయాసిస్సులో నీటి బెడద

గడచిన శీతకాలపు సెలవులలో మేము ఈజిప్టు దేశమునకు యాత్ర పోయి, అందు నాలుగు దినములు సీవా అను ఎడారి పట్టణమున గడపితిమి. పిరమిడ్లనుగూర్చి వ్రాయువారు పెక్కుమంది కలరు. ఈ పత్రిక చదువువారు సేద్యగాండ్రు గనుక సీవాలోని నేలనుగూర్చియు, నీటినిగూర్చియు వ్రాయుచున్నాము.

మధ్యధరా సముద్రతీరమందలి మర్సా మత్రూహ్ అను పట్టణమునుండి ఎడారిలో దాదాపు 300 కిలోమీటర్లు పోయిన సీవా వచ్చును. అది సముద్రమట్టమునకు సుమారు 18 మీటర్లు దిగువనున్న పల్లము. వాన లేదన్నను చెల్లును. అయినను భూగర్భమున రాతిపొరలలో అణగియున్న నీరు తన యొత్తిడిచేతనే ఊటలై పైకుబుకును. ఈ నీటిమూలముననే యిచ్చట వేలయేండ్లుగా జనులు నిలిచిరి. క్రీ.పూ. 331లో అలెగ్జాండరు ఇచ్చటి అమూను దేవాలయమునకు సోదె యడుగ వచ్చెను. ఊరి నడుమ ఉప్పుమట్టి గడ్డలతో కట్టిన షాలీ యను పాతకోట కలదు. 1926లో మూడుదినములు కురిసిన వానకు అది కరగి పాడువడినది.

తోటలు చూడదగినవి. పైన ఖర్జూరము, దాని నీడను ఒలీవ, నేలమీద పశువులకు లూసర్ను గడ్డి. బైబిలులో చదివిన ఒలీవ చెట్టును మేము కన్నులార చూచినది యిచ్చటనే. మన పోతుతాడు, పెంటితాడు వలెనే ఖర్జూరమునను పోతు, పెంటి వేఱు. వసంతకాలమున పోతుపూతను కోసి, చెట్టెక్కి, పెంటిగెలల నడుమ కట్టుదురు. గాలికి విడిచినచో కాయ సరిగా పట్టదు. ఈ ఖర్జూరపు సేద్యపద్ధతిని 2016లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వముగా గుర్తించినది.

ఇట్టిచోట నీరు చాలకపోవుట గదా కష్టమని తలంతుము. సీవావారి కష్టము నీరెక్కువగుట! ఆ పల్లమునకు వెలుపలికి దారి లేదు. తోటలలో మిగిలిన నీరంతయు ఉప్పుచెరువులలో చేరి ఎండకు ఆవిరి కావలసినదే. పూర్వము ఊటనీటిని వంతులవారీగా పంచుకొనుచుండిరి గనుక పారుదలకు హద్దుండెడిది. 1980 తరువాత క్రొత్తసాగుకై ఎవరికివారు బావులు త్రవ్విరి. వానికి మూత లేదు, రేయింబవళ్లు పారెను. చెరువులు పెరిగినవి, భూగర్భజలము వేళ్లదాక లేచినది. నేలలోని తడిని ఎండ పైకి లాగును. నీరు పోవును, ఉప్పు మిగులును. మన డెల్టాలలో మురుగుపోని చేలు చౌడుబాఱుట చూచినవారికి దీనిని విప్పిచెప్ప నక్కఱలేదు. చెరువుగట్టున తలలేని ఖర్జూరపు మ్రాకులు నీటిలో నిలిచియుండుట మేము చూచితిమి. వాని ప్రక్కనే, ఉప్పు త్రవ్వగా నేర్పడిన నీలిగుంటలలో యాత్రికులు మునుగకుండ తేలుచు వినోదింతురు. మేమును తేలితిమి.

ప్రభుత్వము పెక్కు బావులను మూయించి, మురుగునీటిని దూరపు పల్లమునకు తరలించుటకు పెద్దకాలువ త్రవ్వించినది. అయితే పెద్దకాలువదాక నీరు పోవలెనన్న ప్రతితోటలోని పిల్లకాలువయు తెఱచియుండవలెను. ఎగువవాడు పూడిక తీయకున్న దిగువవాని తోటలో నీరు నిలుచును. మేము చూచిన తోటవాడు ఉప్పుదేఱిన పైమన్ను చెక్కి, క్రొత్త ఇసుక పోయుచుండెను. ప్రక్కతోట కాలువ పూడియున్నదేమని దుబాసీచే అడిగించితిమి. ఆ తోట యజమానుడు పట్టణమున నున్నాడనియు, తానే రెండు కాలువలును తీయుచున్నాననియు అతడు చెప్పెను.