డిస్క్ క్లీనప్

డిస్క్ క్లీనప్ మైక్రోసాఫ్ట్ విండోస్ నిర్వాహక వ్యవస్థలో హార్డు డిస్కుపై ఖాళీ స్థలాన్ని పెంచే ఉపకరణము. ఇది 1998లో విడుదలైన విండోస్ 98తో వచ్చినది. చిన్న డిస్కులున్న పాత ల్యాప్‌టాప్‌లలో దీని అవసరం ఎక్కువ.

పనిచేయు విధానం

ఇది ఎంచుకున్న డ్రైవును పరిశీలించి, తాత్కాలిక ఫైళ్ళు, రీసైకిల్ బిన్ మొదలైనవి ఆక్రమించిన స్థలాన్ని చూపుతుంది. వాడుకరి గుర్తు పెట్టిన వాటినే తొలగిస్తుంది. విండోస్‌ను ఉన్నతీకరించినపుడు మిగిలే పాత ప్రతిని కూడా దీనితో తొలగించవచ్చును. దీనివలన పలు గిగాబైట్లు ఖాళీ అవుతాయి. కానీ పిదప పాత కూర్పునకు మరలుట సాధ్యం కాదు.

జాగ్రత్తలు

విండోస్ 10 యొక్క 1809 కూర్పు (2018)లో డౌన్‌లోడ్స్ ఫోల్డరు కూడా ఈ జాబితాలో చేరినది. దానికి గుర్తు పెడితే అందులో దాచుకున్న ధ్రువపత్రాలు, ఛాయాచిత్రాలు సైతం తొలగిపోతాయి. 2020 నాటి 2004 కూర్పులో ఈ అంశాన్ని తీసివేశారు. పాత కూర్పులు వాడువారు జాబితాను పూర్తిగా చదివి, ముఖ్యమైన ఫైళ్ళకు నకళ్ళు తీసుకొనుట మంచిది.