మఱపువడిన యింగ్లీషు మాటలు – తెలుఁగుతీరపు సాక్ష్యము

వ్యాకరణమహాభాష్యమందలి పస్పశాహ్నికమునఁ బతంజలి యొక చర్చ చేసెను. ఊష, తేర, చక్ర, పేచ యను నాలుగు క్రియారూపములు శాస్త్రముచే సిద్ధించుచున్నను లోకులు వానిని వాడరు. వానికి మాఱుగా వేఱు పదములు వాడుదురు. కావున నవి లేవనవచ్చునని పూర్వపక్షము. పదములు వాడఁబడు దేశము మిక్కిలి విశాలమైనది, దానినంతయు వెదకక లేవనుట సాహసమని సమాధానము. దీనికి నిదర్శనముగా, పోవుటయను నర్థమున శవతి యను క్రియ కాంబోజులయందును, హమ్మతి యనునది సురాష్ట్రమునందును గలవనియు, కోయుటయను నర్థమున దాతి యను క్రియ ప్రాచ్యులయందును, దాత్రమను నామము ఉదీచ్యులయందును గలవనియు భాష్యకారుఁడు చూపెను. ఒకచోట మఱపువడిన మాట వేఱొకచోట నిలిచియుండవచ్చునని దీని తాత్పర్యము.

ఈ న్యాయము సంస్కృతమునకు మాత్రమే కాదు, మఱుఁగుపడిన యింగ్లీషు మాటలకును వర్తించును. నేఁటి యింగ్లీషువారు మఱచిన మాటలలోఁ గొన్ని తెలుఁగుతీరమునఁ బుట్టినవి. ఇంగ్లాండున వాని నెఱిఁగినవారు అరుదైనను, వాని మూలరూపములు తెలుఁగువారి నోళ్లయందో పాతలెక్కలయందో దొరకును. అట్టి మాటలను మరల జ్ఞప్తికిఁ దెచ్చుకొను మార్గమెట్టిదో, అందుఁ బొరపాటు కలుగు తావు లెవ్వియో విచారింపవలసియున్నది.

శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి ప్రాంతమున సముద్రపుటొడ్డున మూలపేట యున్నది. దానికి సమీపమందలి నౌపడ ఉప్పుకొఠారులకుఁ బేరుగన్నది. ఈ తీరముననే దక్షిణముగాఁ గళింగపట్టణమును, ఉత్తరముగా బారువయు పూర్వము ఓడలు వచ్చు రేవులు. 1765వ సంవత్సరమున ఢిల్లీ పాదుషా ఫర్మానాచే ఉత్తరసర్కారులు తూర్పుఇండియా కుంపిణీకి లభించెను. అది మొదలు ఉప్పు, ధాన్యము, బట్ట, నాణెము మున్నగువానినిగూర్చిన తెలుఁగుమాటలు పెక్కులు దొరల లెక్కలలోఁ జేరినవి. కుంపిణీ 1874వ సంవత్సరమున రద్దయ్యెను, వ్యాపారపద్ధతులు మాఱెను, ఆ మాటలును జాఱిపోయెను.

వానిలో నీ తీరమునకు మిక్కిలి దగ్గఱిది గార్సు అను మాట. చెన్నపురి రాజధానియందలి పాత యుప్పులెక్కలలో నిది తఱచుగాఁ గనఁబడును. ఇంగ్లీషుభాషలోని ధాతువులతో దీనిని పొసగింపఁ బ్రయత్నించిన ఫలముండదు. తెలుఁగున గరిసె యనఁగా ధాన్యము పోయు కొట్టు. ధాన్యమునకును ఉప్పునకును వాడిన పెద్దకొలతకును అదియే పేరు. కన్నడమునను అరవమునను దీనికి సోదరరూపములు గలవు. గరిసె యందలి నడిమి యిత్వమును తుదియచ్చును జాఱిపోఁగా గార్సు ఏర్పడినది. నైరుక్తులు చెప్పు వర్ణనాశమునకు నిది యుదాహరణము. అరవమున మరక్కాల్ అనెడి కొలపాత్రలు నన్నూఱు చేరిన నొక గరిసె. ఉప్పులెక్కలలో గరిసె 120 మణుఁగులు, అనఁగా నేఁటి కొలతచేత సుమారు 4,480 కిలోలు. ధాన్యపు గరిసెకు నింతే తూకము గాదు. ఊరినిబట్టియు వస్తువునుబట్టియు భేదము గలదు. 1956వ సంవత్సరపు తూనికలు కొలతల చట్టముచే మెట్రిక్కు పద్ధతి నెలకొన్న పిమ్మట నీ మాట లెక్కలనుండి తొలఁగెను. పాతకాగితములఁ జదువువాఁడు గరిసె నెఱుఁగనిచో, ఆనాఁటి కొఠారులలో నెంత యుప్పు పండెనో చెప్పలేఁడు. మాట పోయిన లెక్కయుఁ బోవును.

రూపపరిణామమునకు మఱియొక యుదాహరణము బాండికూట్. ఇది పందికొక్కు. ఆదియందలి పకారము బకారమయ్యెను, ద్విత్వకకారము తేలికపడెను, తుదను టకారము క్రొత్తగాఁ జేరెను. వికారము, నాశము, ఆగమము మూఁడు నిందే కనఁబడుచున్నవి. ఈ మాట యింగ్లీషున నేఁటికిని జీవించియున్నది గాన మూలరూపముతోఁ బోల్చి చూచుట సులభము. జీవించియున్న మాటలయందుఁ గనుఁగొన్న యిట్టి మార్పుల ననుసరించియే లుప్తములైన మాటలను సాధింపవలెను.

రూపము కలిసినంతనే పదము దొరకినదని సంతసింపరాదు. అర్థభేదమున శబ్దభేదమను న్యాయమును మఱవరాదు. క్యాష్ అను మాట నెల్లవారు నెఱుఁగుదురు. రొక్కమని దాని యర్థము. అది డబ్బుపెట్టెకుఁ బేరైన పరాసు మాటనుండి వచ్చినది. చెన్నపురి పాతలెక్కలందలి క్యాష్ వేఱు మాట, అది కాసు. ఆ లెక్కలలో 80 కాసులు ఒక ఫణము, 42 ఫణములు ఒక వరహా. వరహాను దొరలు పగోడా యనిరి. ఆ లెక్కను వరహాకు 3,360 కాసులు. ఒక చీటిలో ఇన్ని క్యాష్ అని యున్నప్పుడు రొక్కమని చదివినవాఁడు మొత్తమునంతయుఁ దాఱుమాఱు చేయును.

క్యాండీ యను మాటయు నిట్టిదే. మిఠాయి యను నర్థమున నిది సంస్కృతమందలి ఖండశబ్దమే. పారసీకారబ్బులగుండ ఐరోపాకుఁ బోయినది. పాతలెక్కలందలి క్యాండీ సుమారు 500 పౌనుల తూనిక, అది ఖండి. రెండింటికిని మూలము ఖండధాతువే యని పెద్దలు చెప్పుదురు. అయినను నవి వచ్చిన త్రోవలు వేఱు, చేరిన యర్థములు వేఱు. రేవులెక్కలో ఇరువది క్యాండీలు దిగెనని యున్నచో బెల్లపుముక్కలు దిగెనని యెవ్వఁడు నర్థము చెప్పఁడుగదా.

కొన్నియెడల మాట యొక్కటియే యయ్యును కాలదేశములనుబట్టి యర్థము మాఱును. జెంటూ అనుమాట తెలుఁగువారికి ముఖ్యమైనది. అన్యమతస్థుఁ డను నర్థముగల పోర్చుగీసు మాటనుండి యిది పుట్టినది. 1776వ సంవత్సరమున హాల్‌హెడ్ ప్రకటించిన జెంటూధర్మశాస్త్రమున నీ మాటకు హిందువులని యర్థము. 1817వ సంవత్సరమున విలియం బ్రౌను చెన్నపురిలోఁ బ్రకటించిన జెంటూవ్యాకరణమున నిదియే తెలుఁగుభాషకుఁ బేరు. అంతకు ముందేఁడు వెలువడిన క్యాంబెలు వ్యాకరణమున తెలుఁగు అను పేరే వాడఁబడెను. పిమ్మట జెంటూశబ్దము వ్యవహారమునుండి తప్పుకొనెను. నేఁడు దక్షిణధ్రువప్రాంతపు పెంగ్విను పక్షిజాతి యొకదానికి మాత్రమే యా పేరు మిగిలినది. బంగాళమునఁ బుట్టిన గ్రంథమా, చెన్నపురిలోఁ బుట్టినదా యని చూడక జెంటూ యనఁగా తెలుఁగని యెల్లెడల నర్థము చెప్పినచో బొరపాటగును. ఊరిపేళ్లకు నిదే న్యాయము. శ్రీకాకుళము చికాకోలయి కుంపిణీకాగితములలోఁ గానవచ్చును. ఆ రూపము నెఱుఁగని బాలుఁడు తన యూరి చరిత్రనే గుర్తింపఁజాలఁడు.

కట్టమరాన్ అను మాట మఱియొక విధము. అరవమున దుంగలఁ గట్టిన సాధనమునకు నది పేరు. ఈ తీరమున దానినే తెప్ప యందురు. నేఁటి యింగ్లీషున నా మాటకు రెండు పొట్టలుగల నావ యని యర్థము. ఇచట మాట చావలేదు, అర్థము చచ్చినది. ఇట్టివానినిగూడ లుప్తపదములలోనే చేర్చి చూడవలెను.

ఇఁక వెదకు విధము. అర్థము మనసునఁ దోఁచుచు మాట నాలుకకు రానప్పుడు అకారాదినిఘంటువు పనికిరాదు. మొదటి యక్షరము తెలిసినఁగదా దానిని తెఱచుట. అమరసింహుఁడు పదములను స్వర్గవర్గము, వారివర్గము, వైశ్యవర్గము అని యర్థక్రమమునఁ గూర్చెను. నానార్థవర్గమునఁ దుదిహల్లు ననుసరించి కాంతములు, ఖాంతములు అని విభజించెను. అర్థము తోఁచినవానికి మొదటిదియు, తుదిధ్వని మాత్రమే చెవిలో మిగిలినవానికి రెండవదియుఁ దోడ్పడును. తెలుఁగున పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును వర్గక్రమముననే రచించెను. ఇంగ్లీషున రోజె యను వైద్యుఁడు 1852వ సంవత్సరమున నర్థక్రమముగల పదకోశమును బ్రకటించెను. ఆ యేఁటనే బ్రౌనుదొర తెలుఁగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది. 1854వ సంవత్సరమున నతఁడు తెలుఁగునఁ గలిసిన యన్యదేశ్యములకుఁ బ్రత్యేకముగా నొక నిఘంటువును గూర్చెను. 1886వ సంవత్సరమున యూలు, బర్నెలు అను నిరువురి హాబ్సన్–జాబ్సన్ నిఘంటువు వచ్చినది. వారిలో బర్నెలు ఐంద్రవ్యాకరణసంప్రదాయమునుగూర్చి గ్రంథము వ్రాసిన సంస్కృతజ్ఞుఁడు; నిఘంటువు ముగియకముందే 1882వ సంవత్సరమున మరణించెను. అర్థకోశముతో మాటను బట్టి, ఈ నిఘంటువులతో సరిచూచుట యుక్తము.

అంతట రూపము, అర్థము, దేశము, లేఖ్యము అను నాలుగు సాక్ష్యములును గలిసినప్పుడే నిర్ణయము చేయవలెను. ధ్వనుల మార్పునకు దృష్టాంతముండవలెను. అర్థము సందర్భమునకుఁ బొందవలెను. ఆ మాట యా ప్రాంతమున వాడుకలో నుండినట్లు తెలియవలెను. వ్రాఁతలో నొకచోటనైన గనఁబడవలెను. ఒక్క రూపసామ్యముచే సాధించిన వ్యుత్పత్తి వినోదమేకాని ప్రమాణము గాదు.

లేఖ్యములు భాండాగారములలో నిలుచును. నోటిమాటలకు నట్టి రక్షణము లేదు. 2023వ సంవత్సరమున మూలపేటయందు క్రొత్త రేవునకు శంకుస్థాపన జరిగెను. రేవు వచ్చినచోట తెప్ప, కొఠారు, గరిసె మొదలగువాని వాడుక మాఱును. వానితోడి మాటలును మాఱును. ఈ జిల్లాలోని పర్వతాలపేటయందు 1863వ సంవత్సరమునఁ బుట్టిన గిడుగు రామమూర్తిగారు సవరలయొద్దకుఁ బోయి వారి మాటలను వారి నోటనే విని, 1931వ సంవత్సరమున సవరభాషాబోధినిని, 1938వ సంవత్సరమున నిఘంటువును వెలువరించిరి. ఉద్దానమునందలి పాఠశాలాపండితులు నీ పద్ధతి నవలంబింపవచ్చును. ఉప్పుపండించు వృద్ధుల నడిగి, కొలతల పేళ్లను, పనిముట్ల పేళ్లను, పడవభాగముల పేళ్లను వారు పలికినట్లే వ్రాసికొని, ఊరిపేరును తేదీయు జేర్చినఁ జాలును. పాతకాగితములందు అర్థము తెలియక నిలిచిన యింగ్లీషు మాటలకు సమాధానములు కొన్ని యా పట్టికలలో దొరకవచ్చును.