బొలోన్యాలో భోజనం: అపోహలు – వాస్తవాలు

ఫ్లారెన్స్ నుంచి వెనిస్‌కు వెళ్లాలన్నా, మిలాన్‌కు వెళ్లాలన్నా రైలు బొలోన్యా మీదుగానే పోతుంది. ఫ్లారెన్స్ నుంచి హైస్పీడ్ రైల్లో నలభై నిమిషాల దూరం. అయినా మన టూర్ ప్యాకేజీల్లో ఈ ఊరికి చోటు దొరకడం తక్కువ, దొరికినా ఒక పూట. ఆ ఒక్క పూటా ఊరి నడిబొడ్డున ఫొటోల మెనూ పెట్టిన చోట కూర్చుని, స్పగెటీ బొలొనేజ్ తిని, ఇక్కడి రుచి చూసేశామనుకుని రైలెక్కేస్తారు. నాకు బాధ అదే. 1088 నాటి యూనివర్సిటీ వల్ల చదువుల ఊరని, ఎర్రటి గోడల వల్ల ఎర్ర ఊరని, తిండి వల్ల బొద్దు ఊరని దీనికి మూడు బిరుదులున్నాయి. ఆ యూనివర్సిటీలో ఇప్పుడు తెలుగు పిల్లలూ చదువుతున్నారు, వాళ్లను చూడటానికి అమ్మానాన్నలూ వెళ్తున్నారు. బొలోన్యాలో ఎక్కడ తినాలో తేల్చుకోవాలంటే ముందు కొన్ని అపోహలు వదిలించుకోవాలి.

"స్పగెటీ బొలొనేజ్ ఈ ఊరి వంటకమే కదా!"

కాదు. 2019లో అప్పటి మేయర్ విర్జీనియో మెరోలా, ఈ పేరుతో ఏ దేశంలో ఏం వడ్డిస్తున్నారో ఫొటోలు తీసి పంపమని జనాన్ని అడిగారు. మా ఊళ్లో లేని వంటకానికి మా ఊరి పేరు పెట్టారన్నది ఆయన ఫిర్యాదు. ఊళ్లో ఉన్నది రాగూ. కీమాను సన్నటి సెగ మీద గంటల తరబడి మగ్గబెట్టి చేస్తారు. దాన్ని కలిపేది తాల్యతెల్లేతో.

ఈ జోడీ ఊరికే కుదిరింది కాదు. స్పగెటీ దక్షిణ ఇటలీ సరుకు. గట్టి గోధుమ రవ్వలో నీళ్లు పోసి కలిపి, అచ్చులోంచి ఒత్తి, ఎండబెడతారు. బొలోన్యా ఉన్న పో నది మైదానంలో పండేది మెత్తటి గోధుమ. ఆ పిండిని గుడ్లతో కలిపి, కర్రతో పల్చగా ఒత్తి, కత్తితో పట్టీలుగా కోస్తే తాల్యతెల్లే. నున్నటి స్పగెటీ మీద కీమా నిలవదు, జారి ప్లేటు అడుగుకు చేరుతుంది. చెక్క బల్ల మీద ఒత్తిన పాస్తాకు సన్నటి గరుకు ఉంటుంది కాబట్టి రాగూ దానికి పట్టి ఉంటుంది.

అలాగని ఇక్కడి ఇళ్లలో స్పగెటీ వండరనీ అనుకోవద్దు. మాంసం మానే శుక్రవారాల్లో, క్రిస్మస్ ముందు రోజున టమాటా, ట్యూనా చేప కలిపి స్పగెటీ తినడం ఇక్కడి పాత అలవాటు.

"అసలైన రాగూ వందల ఏళ్లుగా ఒక్కటే"

ఇది బొలోన్యావాళ్లే కొందరు నమ్మే మాట. ఇటలీ ఇంటివంటకు పెద్దబాలశిక్ష లాంటి పుస్తకాన్ని పెల్లెగ్రీనో ఆర్తూజీ 1891లో అచ్చువేశారు. అందులో బొలోన్యా పేరు మీద ఇచ్చిన మాంసం సాసులో టమాటాయే లేదు. దూడ మాంసం, ఉప్పు పట్టించిన పంది మాంసం, వెన్న, ఉల్లి, క్యారెట్, సెలెరీ ముఖ్యం. 1982 అక్టోబర్ 17న ఇటలీ వంటల అకాడమీ ఒక వంట విధానాన్ని బొలోన్యా చాంబర్ ఆఫ్ కామర్స్‌లో నమోదు చేయించింది. 2023లో ఆ అకాడమీయే దాన్ని సవరించింది. ఇప్పటి లెక్కలో 400 గ్రాముల బరక ఎద్దు మాంసం కీమాకు 150 గ్రాముల పంది పొట్ట మాంసం, ఒక గ్లాసు వైన్, కొద్దిగా టమాటా పడతాయి. పాలు పోయడం మానడం వంటవాళ్ల ఇష్టం. వెల్లుల్లి మాత్రం కూడదు, ఆకులూ మసాలాలూ కూడదు, జాజికాయ వాసన తగిలితే తప్పు లేదు. మన దగ్గర బొలొనేజ్ పేరుతో వెల్లుల్లి, ఒరెగానో దట్టించి చేసేదానికీ దీనికీ పోలికే లేదు.

తాల్యతెల్లేకు కూడా ఒక కట్టుకథ ఉంది. 1487లో ఒక రాజకుటుంబపు పెళ్లిలో పెళ్లికూతురు లుక్రేజియా బంగారు రంగు జుట్టు చూసి వంటవాడు దీన్ని కనిపెట్టాడని గైడ్లు చెబుతారు. అది 1931లో అగుస్తో మయానీ అనే బొలోన్యా చిత్రకారుడు అల్లిన కథ. నిజం ఇంకా బాగుంటుంది. 1972 ఏప్రిల్ 16న చాంబర్ ఆఫ్ కామర్స్‌లో తాల్యతెల్లే కొలతనూ నమోదు చేశారు. ఉడికాక వెడల్పు 8 మిల్లీమీటర్లు, అంటే ఊళ్లోని అసినెల్లి బురుజు ఎత్తులో 12,270వ వంతు. నమూనాకు బంగారంతో చేసిన తాల్యతెల్లా కూడా ఉంది.

ఆ కొలత చేతికి ఎలా వస్తుందో చూడాలంటే పొద్దున పూట తాజా పాస్తా దుకాణానికి వెళ్లాలి. బెల్వెదేరే వీధిలో 'లె స్ఫోల్యీనె' అని ఒక చిన్న దుకాణం ఉంది. ఇలాంటి చోట్ల పిండి పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. వంద గ్రాముల పిండికి ఒక గుడ్డు లెక్క. ముద్దను కాసేపు నాననిచ్చి, పొడవాటి కర్రతో మధ్య నుంచి అంచులకు ఒత్తుతారు. ఒత్తేకొద్దీ రేకు పెరిగి బల్ల అంచు దాటి కిందకు వేలాడుతుంది. ఆ వేలాడే భాగాన్ని పొట్టతో బల్లకు అదిమి పట్టి, మిగతాదాన్ని ముందుకు తోస్తూ సాగదీస్తారు. ఆ రేకులోంచి చూస్తే కొండ మీది సాన్ లూకా గుడి కనపడాలని ఇక్కడ నానుడి. తడి కాస్త ఆరాక మడతలు పెట్టి, వెడల్పాటి కత్తితో టకటకా కోసి, వేళ్లతో ఎగరేసి విడదీస్తారు. భోజనానికి చోటు ఎంచుకునేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న, పిండి ఇక్కడే ఒత్తుతారా అని. అలంకరణ, రేటింగు తర్వాతి సంగతి.

"పాస్తా అంటే శాకాహారమేగా"

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ నమ్మకంతోనే. బొలోన్యాలో మెనూ చదివేటప్పుడు ఒక్క అక్షరం దగ్గర ఆగాలి. తోర్తెల్లీని వేరు, తోర్తెల్లోని వేరు. చిటికెన వేలి గోరంత ఉండే తోర్తెల్లీనిలో పంది మాంసం, పచ్చి హామ్, మోర్తదెల్లా సాసేజ్, పార్మిజానో జున్ను, గుడ్డు, జాజికాయ ఉంటాయి. 1974 డిసెంబర్ 7న నమోదైన విధానం ఇదే. వాటిని ఎద్దు మాంసం, కోడి మాంసంతో కాచిన రసంలో వేసి గిన్నెలో ఇస్తారు. తోర్తెల్లోని పెద్దవి. వాటిలో రికోత్తా జున్ను, పార్మిజానో, పార్స్‌లీ పెట్టి, వెన్నలో సేజ్ ఆకు వేయించి పైన పోస్తారు. మాంసం తినని వాళ్లకు ఊళ్లో దొరికే అన్నిటికంటే మంచి ప్లేటు ఇదే, మాంసం తినేవాళ్లు కూడా తప్పక తినాల్సింది ఇదే.

తోర్తెల్లీని వీనస్ దేవత బొడ్డు ఆకారమనీ, తాళం రంధ్రంలోంచి దొంగచాటుగా చూసిన సత్రం యజమాని దాన్ని చేశాడనీ చెప్పేది ఒక సరదా కథ. దానికి అంతకంటే విలువ లేదు. కానీ ఆ చిన్న ముద్ద మీద పట్టింపు మాత్రం నిజం. 2019లో ఊరి రక్షక పునీతుడు సాన్ పెత్రోనియో పండగకు, పంది మాంసం తినని వాళ్ల కోసం కోడి మాంసం కూరిన తోర్తెల్లీని కూడా పెడదామంటే దేశస్థాయిలో రాజకీయ రగడ జరిగింది. అతిథి తినగలిగింది వడ్డించాలన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది.

ఇంకో ఉచ్చు లసాన్యా. పాలకూరతో చేసిన పచ్చటి పాస్తా చూసి కూరగాయల వంటకమనుకుంటారు. ఆ పచ్చటి పొరల మధ్య ఉండేది రాగూయే. క్రెషెంతీనె అయితే చూడటానికి అచ్చం మన పూరీలే, నూనెలోంచి తీయగానే ఉబ్బి ఉంటాయి. కానీ సంప్రదాయంగా వాటిని పంది కొవ్వులో వేయిస్తారు. ఉల్లిపాయలు, టమాటా గంటల తరబడి మగ్గబెట్టే ఫ్రిజ్జోనెలోనూ ఆ కొవ్వే పడొచ్చు. పార్మిజానో రెజ్జానో సంగతి మరింత సూక్ష్మం. ఆ పేరుతో అమ్మే జున్నుకు పాలు విరవడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడాలన్నది నియమం. ఈ విషయంలో కచ్చితంగా ఉండేవాళ్లు తెలుసుకుని తినడం మంచిది.

మెనూలో వంటకం పక్కన కనపడే చిన్న అంకెలను చూసి మాంసం ఉందో లేదో తెలుస్తుందని చాలామంది అనుకుంటారు. అవి యూరప్ చట్టం ప్రకారం ప్రకటించాల్సిన 14 రకాల అలర్జీ పదార్థాలు. గుడ్డుకు మామూలుగా 3, పాలకు 7 వేస్తారు. ఎద్దు మాంసం, పంది మాంసం, మాంసపు రసం ఆ జాబితాలోనే లేవు. కాబట్టి నోరు తెరిచి అడగాల్సిందే. "సెన్సా కార్నే, సెన్సా బ్రోదో, సెన్సా స్ట్రుత్తో" అంటే మాంసం, మాంసపు రసం, పంది కొవ్వు లేకుండా అని. అడిగితే విసుక్కోరు, వంటింట్లోకి వెళ్లి కనుక్కుని వచ్చి చెబుతారు. గుడ్డు కూడా తినని వాళ్లు ఎండు పాస్తాను టమాటాతో అడగొచ్చు, లేదా జున్ను లేని మరినారా పిజ్జా. పిజ్జా ఈ ఊరి ఘనత కాకపోయినా ఆ రోజుకు ఆకలి తీరుస్తుంది.

"మోర్తదెల్లా అంటే చవక సాసేజ్"

అమెరికాలో ఈ ఊరి పేరు మీద అమ్మే చవక సరుకు తెచ్చిన అపకీర్తి ఇది. ఇక్కడి మోర్తదెల్లా తయారీని కట్టుదిట్టం చేస్తూ 1661లోనే కార్డినల్ ఫర్నేజే ఉత్తర్వు ఇచ్చాడు, 1998లో దానికి యూరప్ భౌగోళిక గుర్తింపు వచ్చింది. సన్నగా రుబ్బిన పంది మాంసంలో తెల్లటి కొవ్వు ముక్కలు కలిపి, పొడి వేడి పొయ్యిలో నిదానంగా ఉడికిస్తారు. పంది మాంసం తినేవాళ్లు కాగితమంత పల్చగా కోయించుకుని, కోసిన వెంటనే తినాలి.

"సెంటర్‌లో ఉన్నవన్నీ టూరిస్టుల కోసమే"

ఇందులో సగమే నిజం. మాజ్జోరే చౌకు పక్కనున్న క్వాద్రిలాతెరో సందుల్లో చెక్క పలకల మీద హామ్ ముక్కలు పరిచి అమ్మే ఒకే మాదిరి దుకాణాలు పెరిగిపోయాయి. కానీ ఆ సందుల్లోనే పంతొమ్మిదో శతాబ్దం నుంచి నడుస్తున్న 'పావొలో అత్తి' పాస్తా, రొట్టెల కొట్టు ఉంది. 1932 నాటి 'తంబురీని' ఉంది. అత్తిలో తోర్తెల్లీని తూకానికి కొనుక్కునేవాళ్లలో ఊరివాళ్లు తక్కువేమీ కాదు.

'ఓస్తెరియా దెల్ సోలె' కూడా అక్కడే, రనొక్కి సందులో. 1465 నుంచి నడుస్తోంది. అంత పాత చోటంటే భోజనం ఎంత గొప్పగా ఉంటుందో అనుకుని వెళ్లి ఖాళీ కడుపుతో తిరిగొస్తారు. అక్కడ వంటే లేదు. అమ్మేది వైన్, బీరు మాత్రమే. తినేది బయట కొనుక్కుని తెచ్చుకోవాలి. రెండడుగుల దూరంలో రొట్టె, జున్ను, పళ్లు కొనుక్కుని వెళ్లి పొడవాటి బల్లల దగ్గర ముసలివాళ్ల పక్కన, స్టూడెంట్ల పక్కన కూర్చుని తినొచ్చు. బొలోన్యాలో నాకు ఇష్టమైన చోటు ఇదే.

కూర్చుని భోజనం చేయాలంటే బెల్లే అర్తి వీధిలో 'అన్నా మరియా' ఉంది. గోడల నిండా అక్కడ తిన్న నటుల, గాయకుల ఫొటోలుంటాయి, పాస్తా మాత్రం చేత్తో ఒత్తిందే. కస్తిల్యోనే వీధిలోని 'స్ఫోల్యా రీనా' పాస్తా కొట్టూ భోజనశాలా కలిసిన చోటు, మధ్యాహ్నం క్యూ తప్పదు. స్టూడెంట్ల బడ్జెట్‌కు యూనివర్సిటీ దగ్గర మెంతానా వీధిలో 'ఓస్తెరియా దెల్లోర్సా' మేలు, తెలియనివాళ్లతో బల్ల పంచుకోవాలి. స్టేషన్ వెనక బొలోన్యీనా పేటలో 'త్రత్తోరియా ది వియా సెర్రా' చిన్నది, ముందుగా బుక్ చేసుకోకపోతే చోటు దొరకడం కష్టం. కూరగాయలు, పళ్లు కావాలంటే ఉగో బస్సి వీధిలోని 'మెర్కాతో దెల్లె ఎర్బె'కు వెళ్లాలి. మార్కెట్ లోపలే తినడానికి కౌంటర్లు కూడా ఉన్నాయి.

"బిల్లులో అడగనిది వేశారంటే మోసమే"

'కోపెర్తో' అని మనిషికి రెండు మూడు యూరోల వరకు వేస్తారు. రొట్టెకు, బల్ల సర్దినందుకు తీసుకునే రుసుము అది. మెనూలో రాసి ఉండాలి, ఉంటే న్యాయమే. దాని మీద టిప్ ఇవ్వాలన్న నిర్బంధం లేదు. మధ్యాహ్నం భోజనం తర్వాత కపుచీనో అడిగితే తిడతారన్నదీ ఉత్త మాట. ఊరివాళ్లు ఆ వేళ తాగరంతే, మీరు అడిగితే ఇస్తారు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఎక్కువ ధర ఉండొచ్చు.

నిజంగా ఇబ్బంది పెట్టేది వేళ. చాలా చోట్ల వంటిళ్లు మధ్యాహ్నం రెండున్నరకు మూసేసి, మళ్లీ రాత్రి ఏడున్నరకు గానీ తెరవరు. ఆగస్టులో చాలా త్రత్తోరియాలు, అంటే ఇంటి తరహా భోజనశాలలు, వారాల తరబడి సెలవులో ఉంటాయి. మూడు గంటలకు రైలు దిగితే వెతుక్కోవలసింది స్వీటు, రొట్టెల దుకాణం. అక్కడ తోర్తా ది రీజో అడగండి. పాలలో ఉడికించిన బియ్యంలో బాదం, చక్కెర, గుడ్లు కలిపి కాల్చి, డైమండ్ ముక్కలుగా కోసి ఇస్తారు. బాదం మద్యం చిలకరించే అలవాటు ఉంది కాబట్టి పిల్లలకు పెట్టే ముందు అడిగి తీసుకోండి.