ప్తాహ్‌హోతెప్ నీతిబోధ – వినడమనే విద్య

ప్రాచీన ఈజిప్టు అనగానే మనకు పిరమిడ్లు, ఫారోలు గుర్తుకు వస్తారు. అయితే ఆ రాజ్యంలో పన్నులు వసూలు చేసినవారు, తగవులు తీర్చినవారు చదువుకున్న ఉద్యోగులే. వారికి నడవడిక నేర్పడానికి 'సెబాయిత్' అనే రచనా ప్రక్రియ పుట్టింది. ఈ మాటకు 'బోధ' అని అర్థం. అందులో సుప్రసిద్ధమైనది ప్తాహ్‌హోతెప్ నీతిబోధ.

ప్తాహ్‌హోతెప్ ఎవరు?

ఈయన 5వ రాజవంశానికి చెందిన జెద్‌కరే ఇసేసి అనే ఫారో వద్ద వజీరు, అంటే ప్రధానామాత్యుడు. కాలం సుమారు క్రీ.పూ. 2400 ప్రాంతం. గ్రంథారంభంలో ఈయన ముసలితనంతో చూపు మందగించిందనీ, వినికిడి తగ్గిందనీ రాజుకు చెప్పుకుంటాడు. తన కుమారుణ్ణి వారసుడిగా తీర్చిదిద్దడానికి అనుమతి కోరతాడు. ఆ తరువాత వచ్చేవే 37 నీతులు.

ఏం బోధించాడు?

చదువుకున్నానని గర్వపడవద్దు, పామరుణ్ణి కూడా సలహా అడగమన్నది మొదటి నీతి. మంచి మాట పచ్చరాయి కన్నా అరుదైనదే అయినా, ధాన్యం నూరే పనికత్తెల దగ్గర కూడా దొరుకుతుందట! మరొకచోట అధికారికి ఒక సూచన ఉంది. అర్జీదారు తన గోడు పూర్తిగా చెప్పుకునేదాకా ఓపికగా విను. పని జరగడం కన్నా ముందు తన మాట ఎవరైనా వినాలని అతడు కోరుకుంటాడు. దురాశ నయంకాని రోగమని కూడా ఈ గ్రంథం హెచ్చరిస్తుంది. ఈ నీతులన్నింటికీ పునాది 'మాత్', అనగా సత్యం, న్యాయం, లోకక్రమం.

గ్రంథం చివరి భాగమంతా వినడం గురించే. ఈజిప్షియన్ భాషలో 'వినడం' అనే క్రియకు 'లోబడి నడవడం' అనే అర్థం కూడా ఉంది. మన తెలుగులో 'మాట వినే పిల్లవాడు' అన్నట్లే. కాబట్టి ఈ బోధకు రెండు ముఖాలు: పై అధికారికి విధేయత, కింది వాడి పట్ల ఓర్పు. సమాజంలోని హెచ్చుతగ్గులను ఇది ప్రశ్నించదు. కానీ అధికారం ఉన్నవాడికీ చెవులుండాలని పట్టుబడుతుంది.

రచయిత ఆయనేనా?

దీని పూర్తి ప్రతి ప్రిస్ పపైరస్‌లో లభించింది. ప్రిస్ దావెన్ 1847లో ప్రచురించిన ఈ పత్రం పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. అందులోని భాష 5వ రాజవంశం నాటి పాత ఈజిప్షియన్ కాదు, తరువాతి మధ్య ఈజిప్షియన్. అందువల్ల కొన్ని శతాబ్దాల తరువాత ఎవరో దీన్ని రచించి, ఆ వజీరుకు ఆపాదించారని అనేకమంది పండితుల అభిప్రాయం. అప్పటికే ఆ పేరుకు అంత గౌరవం ఉండేదన్నమాట.