ఏటిగట్టు మీద ప్రయాణం

ధవళేశ్వరం నుంచి యానాం వరకు గౌతమీ గోదావరి ఎడమగట్టు వెంట తీరికగా ప్రయాణం చేయదలచినవారికి శరదృతువు అనువైన కాలం. శ్రావణ భాద్రపదాలలో ఎర్రగా పొంగిన నీరు ఆశ్వయుజం నాటికి తగ్గి, తేరుకొంటుంది. బయటపడిన ఇసుకతిన్నెల అంచున రెల్లు తెల్లగా పూస్తుంది.

ఈ దారిలో చాలాచోట్ల బాట ఎత్తుగా ఉంటుంది. ఒక పక్క ఏరు, మరొక పక్క పల్లంలో ఊళ్లు. నిజానికి ఇది బాట కోసం వేసినది కాదు. వరదను ఆపడానికి పోసిన మట్టికట్ట. బండ్లు నడవడం తరువాతి సంగతి. 1986 ఆగస్టులో వచ్చిన పెద్ద వరదకు గోదావరి గట్లు పలుచోట్ల తెగి, ఊళ్లు మునిగాయి.

గట్టుకు ఏటి వైపున ఉన్న లంకలకు ఆ పాటి రక్షణ కూడా లేదు. వరద వాటిపై ఒండ్రు వేసిపోతుంది. ఆ ఒండ్రులోనే మిరప, మొక్కజొన్న, కూరగాయలు ఏపుగా పండుతాయి. అదే వరద మరొక అంచున ఒడ్డును కోస్తుంది. నిరుడు తోట ఉన్న చోట ఈ ఏడు ఏరు పారవచ్చు. తన పొలం ఎంత మిగిలిందో లంకరైతుకు తెలిసేది ఈ రోజుల్లోనే. అందమైన ఈ ఋతువు అతనికి లెక్క చూసుకొనే ఋతువు.

కపిలేశ్వరపురం దాటితే కోటిపల్లి. కార్తికమాసంలో సోమేశ్వరాలయం ఎదుట రేవు స్నానాలకు వచ్చినవారితో నిండిపోతుంది. ఆవలి ఒడ్డు ముక్తేశ్వరం. పంటు మీద దాటుతారు.

చివరకు యానాం. 1954 వరకు ఇక్కడ ఫ్రెంచివారి పాలన సాగింది. 2002లో వంతెన వచ్చేవరకు ఎదురుగా ఉన్న ఎదుర్లంకకు కూడా నీటి మీదనే దాటేవారు. సముద్రం దగ్గర కావడంతో, పోటు వేళ ఇక్కడ గోదావరి ఎగువకు నడుస్తున్నట్లు కనిపిస్తుంది.