చంకకర్ర చేతికర్ర ఎలా అవుతుంది?

కాలు విరిగితే మొదట చంకకర్ర, ఎముక అతికాక చేతికర్ర కావాలి. రెండూ ఒకటే అయితే? కావచ్చు! రెండింటికీ పిడి ఉండాల్సిన ఎత్తు ఒకటే: నిలబడి చెయ్యి వేలాడేస్తే మణికట్టు ఉండే చోటు. కాబట్టి చంకకర్రలో పిడికి పైనున్న భాగం ఊడి వచ్చేలా చేస్తే చాలు.

ఎత్తు మార్చేదెలా? గొట్టంలో గొట్టం దూర్చి, స్ప్రింగు బొత్తాన్ని రంధ్రంలో పడనిస్తారు. 1972లో కాన్పూరులో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ అలింకో ఎత్తు మార్చుకునే చంకకర్రలు తయారుచేస్తోంది.

చంకకర్ర వాడేటప్పుడు బరువు అరచేతులే మోయాలి. చంకకూ కర్ర పైనున్న మెత్తకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు తప్పనిసరి. చంక మీద వాలితే నరం నలిగి చెయ్యి మొద్దుబారుతుంది.

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల నల్లరేగడి తడిస్తే జారుడే, అందుకే అడుగున వెడల్పాటి రబ్బరు తొడుగు వేయాలి. చేతికర్రను మాత్రం దెబ్బతిన్న కాలికి అవతలి వైపు చేత్తో పట్టుకోవాలి. ఆ కాలు ముందుకు పడినప్పుడే కర్రా పడి బరువు పంచుకుంటుంది.